ప్రామాణిక హస్తం

చెంచయ్య నోట మాట రావడం అరుదు. కొండమూరు బస్టాండులో ఏడో నంబరు బడ్డీలో కూర్చుని పాడైపోయిన టీవీ రిమోట్లు బాగుచేస్తుంటాడు. రిమోటు తెచ్చినవాడు "ఇది పలకట్లా" అంటాడు. చెంచయ్య తలూపుతాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి "అయిందా?" అంటాడు. చెంచయ్య మళ్ళీ తలూపుతాడు. పదహారేళ్ళుగా ఆ యాపారం ఈ రెండు తల ఊపుళ్ళ మీదే నడిచిపోతోంది.

అతని కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ తప్ప వేరేవి లేవు. మధ్యలో మూడూ పంతొమ్మిదో ఏట చొప్ప నరికే మిషనులో పోయాయి. మిగిలిన రెండిటితోనే ఆవగింజంత స్క్రూను పట్టి తిప్పుతాడు. చూసేవాళ్ళకు కొంగ చేపను పట్టినట్టుంటుంది. ఆ వేళ్ళు లేనందుకే దివ్యాంగుల కోటాలో ఆ బడ్డీ ఇచ్చారు. ఏటా ధ్రువపత్రం చూపించి, 'వేళ్ళు ఇంకా రాలేదు' అనిపించుకుని, పరిమిట్టు పొడిగించుకోవాలి. బడ్డీ ముందున్న చెక్కబల్ల మీద భార్య మాలకొండమ్మ రిబ్బన్లు, పిన్నీసులు, దువ్వెనలు పెట్టి అమ్ముతుంది. ఆ ఆరడుగుల రేకుల గూడు ఉంటే ఇద్దరికీ పొయ్యి వెలుగుతుంది. అది లేకపోతే లేదు.

ఒక సోమవారం పోస్టులో కవరొచ్చింది. పక్క బడ్డీలో టీ కాచే కాశయ్య చించి, బస్టాండంతా వినేట్టు చదివాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, రాష్ట్ర ప్రజలందరి చేతులలో నుండి తమ చేయి ఎంపిక అయినది. కావున తమరు సదరు చేతితో సహా ఈ నెల పదకొండవ తేదీ ఉదయం పది గంటలకు హాజరు కావలెను."

కాశయ్య కాయితం మడిచి చెంచయ్య జేబులో పెట్టాడు. "మామా, చేతితో సహా అంటన్నారు. మర్చిపోయి ఇంట్లో పెట్టి వెళ్ళేవు."

మాలకొండమ్మ అటు తిరిగి, "నీ నోరు గూడా సహా పంపమంటే బాగుండు కాశయ్యా, బస్టాండు కాస్త సద్దుమణుగుద్ది" అంది.

చెంచయ్య తలూపాడు. ఎవరికన్నది తెలియలేదు.

సంగతేమిటంటే, టీవీకి తగిలించి ఇంట్లో ఆడుకునే ఆటల పెట్టెలు అప్పటికే ఊరూరా దిగి ఉన్నాయి. అన్నీ పైదేశాలవే. వాటిని ఆడించే కంట్రోలర్లు పైదేశపు చేతుల కొలతలతో చేసినవనీ, వాటిని పట్టుకుని పట్టుకుని మన పిల్లల చేతులు పరాయి చేతులైపోతున్నాయనీ ఒక పెద్దమనిషి ఒక సభలో బాధపడ్డాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు ఆగేలోపే రాష్ట్ర గృహవినోద సాధనాల సంస్థ పుట్టింది. మన చేతికి సరిపోయే ఆటల పెట్టెను మనమే తయారుచేయాలి. దానికి 'ఇంటాట' అని పేరు. పక్క రాష్ట్రంవాళ్ళు నాలుగో తరం పెట్టె తెస్తామని ప్రకటించి ఉన్నారు గనక మనవాళ్ళు ఏకంగా అయిదో తరంతో మొదలుపెట్టారు. మొదటి నాలుగు తరాలూ తయారై, వాడబడి, పాతబడినట్టుగా భావిస్తూ ఒక ఉత్తర్వు వేరే ఇచ్చారు.

మన చేయి అంటే ఎవరి చేయి? ఈ ప్రశ్న మీద ఏడు నెలలు సమావేశాలు జరిగాయి. ఏ జిల్లా చేయి తీసుకున్నా మిగతా జిల్లాలకు కోపం. చివరకు రేషను కార్డుల జాబితా మొత్తం కంప్యూటరులో పోసి లాటరీ తీశారు. చెంచయ్య పేరు పడింది.

*

సంస్థ డైరెక్టరు విశ్వంభరరావు గారు నిబంధన తప్పి ఒక గుటక మంచినీళ్ళయినా తాగని మనిషి. చెంచయ్యను చూసి లేచి నిలబడ్డారు. "రండి, నమూనాగారూ! ఈ క్షణం నుంచి మీరు వ్యక్తి కారు. ప్రమాణం."

జూనియర్ ఇంజనీరు నస్రీన్ తెల్లటి పిండిముద్దలో ఆ చేతులు అద్ది అచ్చు తీయడానికి వచ్చింది. ఎడమచేయి అద్దింది. కుడిచేయి అందుకుని ఆగిపోయింది.

"సార్, ఈయనకు కుడిచేతికి మూడు వేళ్ళు లేవు సార్."

డైరెక్టరుగారు కళ్ళద్దాలు సర్దుకుని చూశారు. "లాటరీలో ఏ చేయి వచ్చిందమ్మా?"

"ఇదే సార్. కానీ..."

"కానీ అంటే? ఈ చేయి వద్దు, ఇంకో చేయి తీద్దాం అన్నామనుకో. మనసులో ఎవరి చేయి పెట్టుకుని అంటున్నారు అని రేపు అడుగుతారు. మా బావమరిది చేయి అనుకుంటారు. లాటరీ అనేది పారదర్శక ప్రక్రియ. దాని ఫలితాన్ని సవరించే అధికారం నాకు గాని, నీకు గాని, ఆ చేయి గలవారికి గాని లేదు. రాసుకో. ఎడమచేయి, వేళ్ళు అయిదు. కుడిచేయి, వేళ్ళు రెండు. సరిచూడబడినది."

చెంచయ్యకు ఆ రోజు ఎందుకో నోరు పెగిలింది. పదహారేళ్ళు బటన్లతో బతికినవాడికి అక్కడ జరిగేది చూస్తూ ఊరుకోవడం కష్టమైంది. "అయ్యా, ఆ ఎడంచెయ్యి అచ్చు తిరగేసి కుడిచెయ్యి అనుకుంటే సరిపోద్ది" అన్నాడు.

డైరెక్టరుగారు మెత్తగా నవ్వారు. "నమూనాగారూ, బియ్యం నాణ్యత చూసేటప్పుడు గింజ సలహా ఇస్తుందా? నమూనా అభిప్రాయం చెప్పరాదు. అది మా నియమావళిలో మొదటి పుటలోనే ఉంది."

నస్రీన్ తల వంచుకుని ఆ రెండు వేళ్ళనూ పిండిలో అద్దింది. పిండి చల్లగా ఉంది. చెంచయ్య బల్ల అంచుకేసి చూస్తూ కూర్చున్నాడు. దాని బందు ఒకటి ఊడి ఉంది. దాన్ని బిగించాలని అతనికి చేయి దురద పెట్టింది, కానీ చేయి పిండిలో ఉంది.

*

ఇంటాట తయారవడానికి రెండేళ్ళు పట్టింది. ఏ శాఖ నుంచీ మాట రాకూడదని అన్ని శాఖల సూచనలూ అందులో పెట్టారు. పెట్టె చేసే కాంట్రాక్టు ఇనుప బీరువాల కంపెనీకి దక్కింది. దాంతో అది ఇరవైయొక్క కిలోలు తూగింది, రెండు తాళంచెవులతో వచ్చింది. ఒకటి ఇంట్లో, రెండోది తహసీల్దారు కార్యాలయంలో. కార్ల పందెంలో ఏ కారూ నలభై దాటదు, బడి కనిపిస్తే ముప్పై. అడవి ఆటలో పులి ఎదురైతే ఆడేవాడు చేతులు కట్టుకుని, అది వెళ్ళేదాకా నిలబడాలి. పులి తీరిగ్గా వెళ్తుంది. ఆటలో ఒక ప్రాణం పోతే రెండో ప్రాణం వారసత్వ ధ్రువపత్రం చూపించాకే వస్తుంది. కరెంటు ఉన్నా సరే, రోజూ రెండు గంటలు పెట్టె తనంతట తాను ఆగిపోతుంది. జనానికి అలవాటు తప్పకూడదని కరెంటు శాఖవారు పట్టుబట్టారు.

వీటన్నిటికీ ఎలాగో అలవాటు పడొచ్చు. అసలు సంగతి కంట్రోలరు. దాని ఎడమవైపు అయిదు వేళ్ళకూ చోటుంది. కుడివైపు బొటనవేలికో బటను, చిటికెనవేలికో బటను. మధ్యలో ఖాళీ ఉంటే చేయి జారుతుందని అక్కడ గుప్పెడంత గట్టి దిమ్మ పోశారు.

విడుదల సభకు పదిమంది బడిపిల్లలను ఎంపిక చేసి తెచ్చారు. కొత్త బట్టల్లో వేదిక ఎక్కి కంట్రోలర్లు పట్టుకున్నారు. కుడిచేతిలో మూడేసి వేళ్ళు మిగిలిపోయాయి. ఒకమ్మాయి వాటిని దిమ్మ కిందకు దూర్చింది. ఒకడు వెనక్కి విరిచి పట్టి 'అబ్బా' అన్నాడు. పది తెరల మీదా పది కార్లు తిన్నగా వెళ్ళి గోడకు గుద్దుకున్నాయి, నలభై వేగంతో. పది వారసత్వ ధ్రువపత్రాలు అడిగింది యంత్రం.

డైరెక్టరుగారు ఏమాత్రం తొణకలేదు. "ప్రమాణాన్ని పిలవండి" అన్నారు.

'నమూనా' అని బిళ్ళ తగిలించి ముందువరసలో కూర్చోబెట్టిన చెంచయ్య వేదిక ఎక్కాడు. కంట్రోలరు అందుకున్నాడు. అందుకోగానే అతనికి ఒళ్ళు ఒకలాగైంది. కత్తెర, కొడవలి, టీగ్లాసు, సైకిలు బ్రేకు, గడియ, కలం, వీటిలో ఏదీ ఏనాడూ ఆ కుడిచేతికి కుదరలేదు. ప్రతిదాన్నీ బతిమాలుకుని వాడుకోవలసిందే. ఇది మాత్రం వచ్చి చేతిలో కూర్చుంది. పోయిన మూడు వేళ్ళ చోటును ఆ దిమ్మ నింపేసింది. చెంచయ్య కారు మలుపులు తిరిగింది, బడి దగ్గర నెమ్మదించింది, గీత దాటింది. అతను ఇంకొక ఆట ఆడాడు. దించమని చెప్పేదాకా దించలేదు.

"చూశారుగా!" డైరెక్టరుగారు మైకు అందుకున్నారు. "యంత్రంలో లోపం లేదు. ప్రమాణం చేతిలో అది అద్భుతంగా పనిచేసింది. ఇక మిగిలింది ఒక్కటే అవకాశం. లోపం చేతుల్లో ఉంది."

*

మరుసటి నెలలో ఉత్తర్వు వచ్చింది. 'రాష్ట్ర పౌరుని ప్రామాణిక హస్తము: కుడి, రెండు వేళ్ళు, ఎడమ, అయిదు వేళ్ళు. అంతకు మించి వేళ్ళు గలవారిని అధికాంగులుగా పరిగణించవలెను. వారిపట్ల చులకన చూపరాదు.'

అధికంగా ఉన్న వేళ్ళను ఏం చేయాలి? కోయడం అమానుషమని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. మడిచి కట్టుకోవడానికి ఆకుపచ్చ గుడ్డపట్టీలు పంచారు. బళ్ళలో ఉదయం ప్రార్థన తర్వాత వేలిమడత తరగతి పెట్టారు. సుద్దముక్క పట్టుకోలేక మాస్టర్లు పాఠాలు నోటితోనే చెప్పి ఊరుకున్నారు. పోలీసు సెల్యూట్ కొడితే సోడా తాగమని పిలిచినట్టుండేది. కాశయ్య పట్టీ కట్టుకుని టీ పోస్తుంటే గ్లాసులో సగమూ జనం మీద సగమూ పడేది.

"మామా, నువ్వెట్టా బతికావయ్యా ఈ రెండు వేళ్ళతో?" అన్నాడొకరోజు, చొక్కా తుడుచుకుంటూ.

చెంచయ్య తలూపాడు.

ఏడాది తిరిగింది. పరిమిట్టు పొడిగించుకోవడానికి చెంచయ్య ధ్రువపత్రం పట్టుకుని పరీక్ష చేసే డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. డాక్టరు చేతికీ ఆకుపచ్చ పట్టీ ఉంది. చెంచయ్య కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయాడు.

"నూటికి నూరు. నా సర్వీసులో ఇంత సంపూర్ణమైన చెయ్యి చూడలేదు."

"మూడు వేళ్ళు లేవు గదయ్యా."

"అవి ఉండాల్సినవి కావుగా?"

"మిషన్లో పోయినయ్యండీ."

"అదృష్టవంతుడివి. మాకు పోలేదు." డాక్టరు నిట్టూర్చి పాత ధ్రువపత్రం మీద అడ్డంగా రెండు గీతలు గీశాడు. నువ్వు ఆరోగ్యవంతుడివని ఇంకో కాయితం రాసిచ్చాడు. కలం పట్టు కుదరక రాయడానికి పావుగంట పట్టింది.

మూడోరోజుకు బడ్డీ తలుపు మీద నోటీసు అంటించారు. ఆరోగ్యవంతుడు దివ్యాంగుల కోటా బడ్డీని ఆక్రమించి ఉన్నందున పదిహేను రోజులలో ఖాళీ చేయవలెను. అర్హులైన అధికాంగులు దరఖాస్తు చేసుకోవచ్చును. అర్హులంటే చెంచయ్య తప్ప రాష్ట్రమంతా. సాయంత్రానికి బడ్డీ ముందు నుంచి బస్సులు తిరిగే చోటుదాకా వరస కట్టారు. వరసలో ముందు నిలబడ్డవాడు కాశయ్య.

"నువ్వా?" అంది మాలకొండమ్మ.

"ఎవడో ఒకడికి ఇచ్చేదే గదక్కా. నేనైతే తెలిసినోణ్ణి. మిమ్మల్ని నీడన కూసోనిస్తా."

"పంతొమ్మిదేళ్ళు నీ టీ తాగాం చూడు, అదిరా మా రోగం!" అని మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, వేళ్ళు తెగినప్పుడు మీ అమ్మ ఏడ్చిందట. తెగలేదంటే ఎవరు ఏడవాల? నాలుగు మాటలు దాచుకున్నావుగా ఇన్నేళ్ళూ, పోయి ఖర్చుపెట్టిరా."

చెంచయ్య సంచి తీసుకుని బస్సెక్కాడు. బస్సులో అన్ని సీట్ల మీదా 'అధికాంగులకు మాత్రమే' అని రాసి ఉంది. "నువ్వు నిండు మనిషివి మామా, నిలబడు" అన్నాడు కండక్టరు. అయిదు గంటలు నిలబడే వెళ్ళాడు.

*

డైరెక్టరుగారిని కలవాలంటే వరండాలో బెంచీ మీద కూర్చోవాలి. చెంచయ్య మూడు రోజులు కూర్చున్నాడు. పదిహేనులో అప్పటికే ఆరు పోయాయి. ఎదురుగా గోడకు అద్దం కట్టిన సంస్థ నియమావళి వేలాడుతోంది. అతనికి చూడ్డం తప్ప వేరే పనిలేదు గనక రోజంతా దాన్నే చూశాడు. మొదటి పుట చదివాడు. నమూనా అభిప్రాయం చెప్పరాదని నిజంగానే ఉంది. కిందకు వెళ్ళాడు. మూడోనాడు మధ్యాహ్నం తొమ్మిదో నిబంధన దగ్గర ఆగి, ఒకటికి రెండుసార్లు చదివాడు.

నస్రీన్ ఫైళ్ళు పట్టుకుని అటే పోతోంది. ఆమె కుడిచేతి పట్టీ ఊడి వేలాడుతోంది.

"అమ్మా, అయ్యగారి కుడిచేతికి వేళ్ళెన్ని?"

"అయిదే బాబాయ్. ఏం?"

చెంచయ్య చిటికెనవేలితో గోడ మీద చూపించాడు. 'సంస్థ డైరెక్టరు పదవి నిర్వహించువారు శారీరకముగా ప్రమాణమునకు లోబడి, ఎట్టి లోపమును లేనివారై ఉండవలెను.'

నస్రీన్ చదివింది. ఫైళ్ళు బెంచీ మీద పెట్టింది. మళ్ళీ చదివింది. ఆమె పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటున్నదని చెంచయ్య కనిపెట్టాడు.

"బాబాయ్, రేపు ఉదయం దాకా ఉంటావా?"

తలూపాడు.

సాయంత్రం లోపల ఆమె నోటు పెట్టింది. 'మన ఉత్తర్వు ప్రకారం డైరెక్టరుగారికి మూడు వేళ్ళు అధికముగా ఉన్నట్టు తెలియవచ్చుచున్నది. తొమ్మిదవ నిబంధన దృష్ట్యా తగు ఆదేశముల నిమిత్తము.'

విశ్వంభరరావు గారు ఆ నోటును చాలాసేపు చూశారు. తన కుడిచేతిని బల్ల మీద పెట్టి వేళ్ళు లెక్కించారు. ఎటు నుంచి లెక్కించినా అయిదే. వేరే మనిషయితే ఆ కాయితాన్ని చించేవాడు. ఆయన మాత్రం కళ్ళు చెమర్చగా, "నా ముప్పైరెండేళ్ళ సర్వీసులో ఇంత దోషరహితమైన నోటు చదవలేదమ్మా" అన్నారు. "నిబంధన అంటే నిబంధనే. నేను అనర్హుణ్ణి. మరి అర్హత గలవారు ఎవరున్నారు?"

"రాష్ట్రం మొత్తం మీద ఒక్కరే సార్. వరండాలో ఉన్నారు."

మర్నాడు ఉదయం పదిన్నరకు చెంచయ్య డైరెక్టరుగా బాధ్యతలు స్వీకరించాడు. పూలగుత్తి ఇచ్చారు. కుర్చీ తిరిగేది. కూర్చోగానే అది కిర్రుమంది. చెంచయ్య లేచి, వంగి, కింద బోల్టును రెండు వేళ్ళతో బిగించి మళ్ళీ కూర్చున్నాడు. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. విశ్వంభరరావు గారు అందరికంటే వినయంగా నిలబడ్డారు.

"అమ్మా, ఆ అచ్చులేయి?"

నస్రీన్ బీరువాలోంచి తెల్లటి చేతులు రెండూ తెచ్చి బల్ల మీద పెట్టింది. పక్కనే ఇంటాట కంట్రోలరు ఉంది. చెంచయ్య దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకున్నాడు. అది ఎప్పటిలాగే వచ్చి కుదురుకుంది. దిమ్మ మీద అరచేయి ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత కింద పెట్టేశాడు. ఎడమచేతి అచ్చు తీసి ముందుకు జరిపాడు.

"దీన్ని తిరగేసి కుడిచెయ్యి అనుకోమని రాయి."

నస్రీన్ గబగబా రాసి ముందు పెట్టింది. విశ్వంభరరావు గారు మెడ సాచి చదివి ముగ్ధులయ్యారు. "ఆహా! ఒక్క వాక్యంలో ఎంత దూరదృష్టి! ఇన్ని కమిటీలు వేశాం, ఎవరికీ తట్టలేదు డైరెక్టరుగారూ!"

"మొదటిరోజు నేను చెప్పిందేనయ్యా."

"ఆ రోజు తమరు నమూనా" అన్నారు ఆయన, ఏ దోషమూ ఎరగని ముఖంతో.

చెంచయ్య సంతకం పెట్టాడు. పెట్టిన మరుక్షణం ప్రామాణిక హస్తానికి కుడివైపు అయిదు వేళ్ళొచ్చాయి. చెంచయ్యకు మూడు తక్కువయ్యాయి. తొమ్మిదో నిబంధన అలాగే గోడ మీద ఉంది. నస్రీన్ ఇంకో నోటు పెట్టింది. పన్నెండున్నరకల్లా చెంచయ్య కుర్చీ ఖాళీ చేసి, ఒంటిగంటకు విశ్వంభరరావు గారికి బాధ్యతలు అప్పగించి, ఉదయం ఇచ్చిన పూలగుత్తిని ఆయనకే ఇచ్చి బయటికొచ్చాడు. తిరుగు బస్సులో కూర్చునే వచ్చాడు.

*

అదే డాక్టరు అదే చేతిని చూసి, "అయ్యో పాపం, మూడు పోయాయే, ఎట్లా జరిగింది?" అని అడిగి కొత్త ధ్రువపత్రం ఇచ్చాడు. బడ్డీ మీది నోటీసును మాలకొండమ్మ స్వయంగా పీకి పొయ్యిలో పెట్టింది.

ఆ తర్వాత ఏడో నంబరు బడ్డీకి రిమోట్ల కంటే ఇంటాట కంట్రోలర్లే ఎక్కువ రావడం మొదలైంది. దిమ్మ కోసేసి, అక్కడ మూడు బటన్లు పెట్టి ఇస్తాడు చెంచయ్య. అన్నీ కోశాడు గాని ఒక్కటి మాత్రం అలాగే దిమ్మతో ఉంచుకున్నాడు. బేరాలు లేని మధ్యాహ్నం బల్ల కింది నుంచి తీసి, ఎవరో వదిలేసిన ఇంటాట పెట్టెకు తగిలించి, రిమోట్లు సరిచూసే టీవీ మీద ఆడుకుంటాడు.

కాశయ్య రెండు నెలలు ముఖం చాటేసి, ఒకనాడు టీగ్లాసు పట్టుకుని తనే వచ్చాడు.

"మామా, డైరెక్టరుగా ఎన్నాళ్ళు చేశావు?"

"అన్నం ఏళదాకా."

"ఇంకొంచెం ఉండకపోయావా! మా అబ్బాయికేదన్నా చూసేవాడివి."

చెంచయ్య తెర మీద పులికి దారిస్తున్నాడు. మాలకొండమ్మ రిబ్బను కొలుస్తూ, "ఉంటే ఈ బడ్డీలో నువ్వుండేవాడివి కాశయ్యా" అంది. కాశయ్య దగ్గాడు. మాట మార్చడానికి చేయి చాచి, "ఏదీ, నేనూ ఒక కార్ల పందెం కొడతా" అని ఆ కంట్రోలరు అందుకున్నాడు. ఇటు పట్టాడు, అటు పట్టాడు. దిమ్మ అడ్డం. వేళ్ళు మడిచాడు. కారు వెళ్ళి గోడకు గుద్దుకుంది.

"ఇదేందయ్యా, నాకు చాతగావట్లా!"

చెంచయ్య మెల్లగా దాన్ని వెనక్కి తీసుకున్నాడు. అది చేతిలోకి వచ్చి కూర్చుంది.

"నీకు వేళ్ళెక్కువరా" అన్నాడు.